దెబ్బ తగలని మోకాలు

పద్నాలుగేళ్లుగా జనం నా కుడి మోకాలిని పరామర్శిస్తున్నారు. దానికి ఏమీ కాలేదు. ఎప్పుడూ ఏమీ కాలేదు.

ఈ నాలుగు మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. రాయడం, కొట్టేయడం, లేచి వెళ్లి టీ పెట్టుకోవడం. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఈపాటైనా చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లందరికీ నేను మోకాలు పోయిన టెన్నిస్ ప్లేయర్ని. ఇక్కడ జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఉగాదికి తెలుగువాళ్లం హాలు అద్దెకు తీసుకుని కలుస్తాం. కొత్తవాళ్లు వస్తే మా ఆయన నన్ను చూపించి, "ఆ మోకాలే గనక పోకపోయుంటే ఈమెను మనం టీవీలో చూసేవాళ్లం" అంటాడు. నేను తలొంచుకుని నవ్వుతాను. అది వినయమనుకుంటారు. ఊరెళ్లి వచ్చినప్పుడు సూట్‌కేసులన్నీ మూడో అంతస్తుకు ఆయనే మోస్తాడు. ఒక్కోసారి మెట్లెక్కుతూ నేను నిజంగానే కుంటుతాను. నటన కాదు. ఇన్నేళ్లు విని విని మోకాలే నమ్మేసింది.

అదొక్కటే అయితే ఎవరికీ నష్టం లేని అబద్ధమని సర్దుకునేదాన్నేమో. కానీ ఆ అబద్ధం కింద ఒక మనిషి నలిగింది. ఆమె పేరు హాసిని.

హాసినిది రాజమండ్రి. నాకంటే మూడేళ్లు చిన్న. ఎడమచేతి ఆట. హైదరాబాద్‌లో ఒక కోచింగ్ క్యాంపులో పరిచయమై, రెండేళ్లపాటు నా డబుల్స్ జోడీగా ఆడింది. రాకెట్ పిడికి టేపు చుట్టుకుంటూ చివరి ముక్కను పళ్లతో తెంపేది. సర్వ్ చేసే ముందు బంతితో ఏదో గొణిగేది. ఏం చెప్తున్నావే అంటే, "బతిమాలుకుంటున్నానక్కా" అనేది. కోర్టులో మేమిద్దరం తెలుగులోనే అరుచుకునేవాళ్లం. నాది, నీది, వదిలెయ్. ఈ మూడు మాటలే మా యుద్ధభాష. అవతలి జట్టుకు ఒక్క ముక్క అర్థం కాదు కదా, అదో సంబరం.

రెండో ఏడాది వేసవిలో ఆరు వారాలకని జర్మనీ వచ్చాం. మేమాడినవి ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అన్నిటికన్నా కింది మెట్టు టోర్నమెంట్లు. కెమెరాలు ఉండవు. ప్రేక్షకులంటే ఆ ఊరి క్లబ్బు సభ్యులు, వాళ్ల కుక్కలు, బల్ల మీద కేకులు పెట్టి అమ్మే ఇద్దరు పెద్దావిడలు. ఎర్రమట్టి కోర్టులు. ఆట అయ్యాక మన కోర్టును మనమే, చాపలాంటి ఒక బరువైన వలను తాడుతో మట్టి మీద లాగి, చదును చేసి రావాలి. హాసిని ఆ వల లాగుతూ, వాకిలి ఊడ్చినట్టు మూలమూలలా తిరిగేది. గదికొచ్చి సాక్సులు ఉతికితే బకెట్‌లో నీళ్లు కుంకుమ కలిపినట్టు అయ్యేవి. ఇప్పటికీ మా అమ్మాయి సాక్సులు వాషింగ్ మెషీన్‌లో వేసేటప్పుడు ఆ ఎరుపు కనిపిస్తే నా చేయి ఒక క్షణం ఆగిపోతుంది.

మూడో వారం, బ్రెమెన్‌కు గంట దూరంలో ఒక చిన్న ఊళ్లో ఆడాం. అక్కడ ఆటగాళ్లకు క్లబ్బువాళ్లే తెలిసిన ఇళ్లల్లో బస చూపిస్తారు. మాకు ఒక తెలుగు డాక్టరు గారి ఇల్లు దొరికింది. చిన్న వయసులోనే గుంటూరు నుంచి వచ్చి, ఎముకల డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయారు. ఆయన తెలుగు, ఆయన దేశం దాటిన ఏడాదిలోనే ఆగిపోయింది. "భోజనాలకు లేవండమ్మా" అనేవారు. మేము పప్పుచారు పెడితే గిన్నె మీదికి వంగి వాసన చూసి, కళ్లజోడు తీసి తుడుచుకునేవారు.

ఇక మా నాన్న సంగతి చెప్పాలి. ఆయనను తప్పుపట్టడానికి కాదు. నన్ను టెన్నిస్ ఆడించడం కోసం ట్రాన్స్‌ఫర్లు వద్దనుకుని, ప్రమోషన్లు వదులుకుని హైదరాబాద్‌లోనే ఉండిపోయిన మనిషి. పొద్దున్నే ఐదింటికి స్కూటర్ మీద స్టేడియానికి తీసుకెళ్లి, వల అవతల నిలబడి బంతులు విసిరిన మనిషి. జర్మనీకి బయల్దేరే ముందు ఎయిర్‌పోర్టులో అన్నాడు: "ఈ ట్రిప్పులో ఒక్క ఫైనల్ రానీ బిడ్డా, ఇంకో ఏడాది ఆడుదువు. రాకుంటే ఇగ చదువుకో."

ఆయన దాన్ని వరంలా ఇచ్చాడు. నాకు అది శిక్షలా వినిపించింది. నాకప్పుడు ఇరవై ఐదు. ఆట మీద ఇష్టం పోయి అప్పటికే రెండేళ్లు. నాన్నకు తెలియకుండా డార్మ్‌స్టాట్‌లో మాస్టర్స్‌కు దరఖాస్తు పెట్టాను, సీటు వచ్చింది కూడా. ఆ ఉత్తరాన్ని టెన్నిస్ బ్యాగ్ అడుగున దాచుకుని తిరుగుతున్నాను. మానేస్తానని నాన్నతో ఒక్క మాట అంటే ఏమైనా పోయేదా? ఏమీ పోయేది కాదు. కోప్పడేవాడు కూడా కాదు. ఆయన ముఖం చూడాల్సొస్తుందని చెప్పలేదు. మామూలుగా ఓడిపోతే చాలు, అంతా దానంతటదే తేలిపోతుందనుకున్నాను.

కానీ ఆ వారం హాసిని ఓడనివ్వలేదు.

అలా ఆడటం నేను ముందెప్పుడూ చూడలేదు. వల దగ్గర ఎక్కడ చూసినా ఆమే. మొదటి రౌండు గెలిచాం, క్వార్టర్స్ గెలిచాం. ఫైనల్ చేరితే తన పేరు మొదటిసారి ప్రపంచ ర్యాంకుల పట్టికకు ఎక్కుతుందని లెక్క కట్టుకుంది. వాళ్లమ్మకు ఫోన్ చేసి, "పేపర్లో వేయించకు, ఇంకా అవ్వలేదు" అని నవ్వింది. ఆ నవ్వు నేను పక్క మంచం మీద నుంచి విన్నాను.

సెమీఫైనల్ మధ్యాహ్నం జరిగింది. ఇద్దరు జర్మన్ అమ్మాయిల మీద ఆడాం. ఒక సెట్ వాళ్లది, ఒకటి మాది. డబుల్స్‌లో మూడో సెట్ ఉండదు, పది పాయింట్ల టైబ్రేక్‌తో తేల్చేస్తారు. అందులో మేము ఎనిమిది, వాళ్లు ఆరు. ఇంకో రెండు పాయింట్లు వస్తే ఫైనల్.

అప్పుడు వాళ్లలో ఒకమ్మాయి హాసిని తల మీదుగా బంతిని పైకి లేపింది. వల దగ్గరున్న హాసినికి అందదు. వెనకున్న నేను అడ్డంగా పరిగెత్తి తీయాలి. బంతి ఆ అమ్మాయి రాకెట్ వదిలీ వదలకముందే హాసిని అరిచింది, "నీదక్కా!" అని. నేను పరిగెత్తాను. మూలలో మట్టి మీద కాలు జారింది. పడ్డాను. బంతి నా తల దగ్గరే పడి వెళ్లిపోయింది.

పడటం నిజం. అంతవరకూ నేను మీ కళ్లలోకి చూసి చెప్పగలను.

వెల్లకిలా ఉన్నాను. ఆకాశంలో తెల్లగా ఒక విమానం గీత. మోచేయి కాస్త గీరుకుంది. ఇంకేమీ లేదు. ఎనిమిది, ఏడు అని అంపైర్ చెప్పడం వినిపించింది. లేవాలి. లేవబోయాను కూడా. అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో, లోపల ఒక మాట చాలా నెమ్మదిగా వచ్చింది. లేవకపోతే?

దీని గురించి నేను ఎంత ఆలోచించి ఉంటానో మీరు ఊహించలేరు. ముందుగా వేసుకున్న పథకమైతే నన్ను నేను దుర్మార్గురాలిననుకుని ఒక మూల పెట్టేసేదాన్ని. ఇది పథకం కాదు, ఒక ఊపిరి పట్టేంత సేపు. ఆ ఊపిరిలో నాన్న ముఖం, ఇంకో ఏడాది, బ్యాగ్ అడుగున ఉత్తరం అన్నీ కనిపించాయి. ఒక్క మనిషి కనిపించలేదు. వల దగ్గర నుంచి నా వైపు పరిగెత్తుకొస్తున్న హాసిని. నా చేయి వెళ్లి కుడి మోకాలిని పట్టుకుంది. కుడిదే ఎందుకు? చేతికి అదే దగ్గరగా ఉంది.

ఫిజియో వచ్చింది. ఐస్ పెట్టింది. మూడు నిమిషాలిచ్చారు. నేను లేచి నిలబడి, రెండడుగులు వేసి, తల అడ్డంగా ఊపాను. అంపైర్ కిందికి దిగి నా చేయి పట్టుకున్నాడు. మ్యాచ్ అవతలివాళ్లకు వెళ్లిపోయింది. గెలిచిన జర్మన్ అమ్మాయిలు కూడా ముఖం చిన్నబుచ్చుకున్నారు. చప్పట్లు నాకు కొట్టారు. కుంటుకుంటూ బయటికి వస్తున్న నాకు.

బెంచీ మీద కూర్చున్నాను. హాసిని నా ముందు మోకాళ్ల మీద కూర్చుని ఐస్ సంచీని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ముక్కు మీద ఎర్రమట్టి. ఏడవడం లేదు.

"నేను లేటుగా చెప్పానా అక్కా? అందుకేనా పడిపోయావు?"

ఫిజియో అక్కడే ఉంది. అంపైర్ కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. అందరూ నా వైపే చూస్తున్నారనిపించింది. పడటానికి ఒక కారణం కావాలి, మోకాలు పోవడానికి ఒక కారణం కావాలి. కారణం నా ముందే కూర్చుని తనంతట తానే చేతికి అందుతోంది.

"జెర ముందు చెప్పుంటే పడకపోతుంటినే," అన్నాను.

ఇదీ నేను చెప్పుకోవాలనుకున్న సంగతి. మోకాలు కాదు. ఈ వాక్యం. నేల మీద పడుకుని చేసింది భయం కొద్దీ చేశానని నన్ను నేను ఎప్పుడో ఒకప్పుడు క్షమించుకుంటానేమో. ఈ మాట భయంతో అన్నది కాదు. వీలుగా ఉందని అన్నది. ఆమె తల ఊపింది. అవును, తప్పు నాదే, అన్నట్టు.

ఆ సాయంత్రం డాక్టరు గారు నా కాలు చూశారు. సోఫాలో కూర్చోబెట్టి, వేళ్లతో మోకాలి చుట్టూ నొక్కారు. ఇక్కడ నొప్పా? అవునన్నాను. ఇక్కడో? అవునన్నాను. ఇంకెక్కడో నొక్కి ఇక్కడ కూడానా అన్నారు. అక్కడ కూడా అన్నాను. ఆయన చేయి తీసేశారు. కాసేపు నా ముఖంలోకి చూశారు. నలభై ఏళ్లు మోకాళ్లు చూసిన మనిషి. పట్టీ కట్టి, "బలవంతమేమీ లేదమ్మా. ఆడలేకపోతే ఆడనక్కర్లేదు," అన్నారు. అంతే. నాన్నతో కూడా ఫోన్‌లో ఆయనే మాట్లాడారు. ఏం చెప్పారో నాకు తెలియదు. నాన్న మాత్రం ఆ తర్వాత ఆట ఊసెత్తలేదు. టీవీలో టెన్నిస్ వస్తే చానల్ మార్చేసేవాడని అమ్మ చెప్పింది. ఇప్పుడు నాన్నా లేడు, డాక్టరు గారూ లేరు.

హాసిని మరుసటి వారం వేరే ఊళ్లో ఆడాలి. ఇంకో జోడీ కూడా సిద్ధంగా ఉంది. వెళ్లనంది. నిన్ను ఇలా వదిలి ఎలా వెళ్తానక్కా అంది. పది రోజులు ఆ ఇంట్లోనే ఉండిపోయాం.

ఇప్పుడు చెప్పబోయేది ఇంకా సిగ్గుపడాల్సిన విషయం. ఆ పది రోజులంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ బతకలేదు. జూన్ నెల. రాత్రి పది దాటినా వెలుతురు పోదు. డాక్టరు గారి పెరట్లో స్ట్రాబెర్రీలు పండాయి. హాసిని గిన్నెడు కోసుకొచ్చి, పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి నూరింది. ఆయన మూడుసార్లు కలుపుకున్నారు. నాకు తల దువ్వేది. సైకిల్ మీద ఊరంతా తిరిగొచ్చి, ఎవరింటి ముందు ఏ పువ్వులున్నాయో వర్ణించి చెప్పేది, నేను కదల్లేను కదా అని. వర్షం పడితే ముగ్గురం కిటికీ దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. ఆటలో గెలవాలన్న దిగులు లేదు, నాన్నకు చెప్పాలన్న దిగులు లేదు. కాలు దిండు మీద ఉంది. మెత్తటి దిండు. ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నా గుండె తియ్యగా బరువెక్కుతుంది. దొంగసొమ్ముతో తిన్న భోజనం అంత రుచిగా ఎలా ఉంటుంది? నాకు సమాధానం తెలియదు. రుచిగానే ఉంది. అది కూడా చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగం అబద్ధమవుతుంది.

ఆ తర్వాత నా బతుకు సజావుగా నడిచింది. మాస్టర్స్, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం, రోజూ రైలు, పెళ్లి, ఒక కూతురు. హాసినికి అలా నడవలేదు. డబుల్స్ ఆడేటప్పుడు నోరు విప్పడం మానేసిందని ఆమె కొత్త జోడీలు విసుక్కున్నారట. బంతి ఇద్దరి మధ్యకు వస్తే అరవాల్సిన చోట గొంతు పట్టేసేదట. రెండేళ్లలో ఆట వదిలేసింది. ర్యాంకుల పట్టికలో ఆమె పేరు ఎప్పటికీ రాలేదు. రాజమండ్రిలో పిల్లలకు కోచింగ్ మొదలుపెట్టింది. ఏటా చలికాలం రాగానే ఫోన్. "మోకాలు ఎలా ఉందక్కా? చలికి లాగుతోందా?" ఒకసారి ఇటు వచ్చేవాళ్లెవరి చేతో తైలం సీసా పంపింది. నేను థాంక్స్ చెప్పాను. తగ్గిందే అని కూడా చెప్పాను.

పోయిన వేసవిలో ఆమె జర్మనీ వచ్చింది. తన దగ్గర నేర్చుకునే ఇద్దరమ్మాయిలను వెంటబెట్టుకుని, మా ఊరికి అరగంట దూరంలో జరిగే ఒక చిన్న టోర్నమెంటుకు. అదే కింది మెట్టు, అదే ఎర్రమట్టి. ముగ్గురూ మా ఇంట్లోనే దిగారు. ఆమె జుట్టు అక్కడక్కడా నెరిసింది. బియ్యం కడుగుతుంటే వచ్చి నా చేతిలో గిన్నె లాక్కుని, "నువ్వు నిలబడకక్కా" అంది.

పిల్లల డబుల్స్ మొదటి రౌండు మ్యాచ్‌కు నేనూ వెళ్లాను. బాగా ఆడారు. కానీ ఇద్దరూ మూగవాళ్లలా ఆడారు. చివరి టైబ్రేక్‌లో తల మీదుగా ఒక బంతి వచ్చింది. ముందున్న అమ్మాయి చూసింది, వెనకున్న అమ్మాయి చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. బంతి ఇద్దరి మధ్య పడింది. అక్కడి నుంచి ఒక్క పాయింటూ రాలేదు. ఓడిపోయారు.

క్లబ్బు వరండాలో కూర్చున్నాక, వీళ్లు ఒకరికొకరు చెప్పుకోరేందే అని అడిగాను.

"నేనే వద్దన్నానక్కా," అంది హాసిని. ఆపిల్ జ్యూస్ గ్లాసును చేతుల్లో తిప్పుతోంది. "ఎవరి బంతి వాళ్లే చూసుకోవాలి. ఒకళ్ల మాట నమ్మి ఇంకొకళ్లు పరిగెత్తి పడిపోతే? ఆ పాపం ఎందుకు ఈ పిల్లలకి."

అక్కడ నా వల్ల కాలేదు. ధైర్యం వచ్చిందనుకోకండి. ఇంక మోయలేకపోయాను, అంతే. చెప్పేశాను. పడ్డాను గానీ దెబ్బ తగల్లేదని. లేవగలిగీ లేవలేదని. ఎందుకు లేవలేదో కూడా. గబగబా, అటూ ఇటూగా, సగం వాక్యాలతో చెప్పాను.

చాలాసేపు ఆమె కోర్టు వైపే చూసింది. పిల్లలిద్దరూ వల లాగి మట్టి చదును చేస్తున్నారు.

"ఏమీ అవ్వలేదా?"

"ఏం కాలే."

"డాక్టరు గారు కట్టు కట్టారుగా."

"కట్టిండు."

తర్వాత నా వైపు తిరక్కుండానే అడిగింది. "అయితే నేను టైముకే చెప్పానా?"

"టైముకే చెప్పినవ్ హాసీ."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. గ్లాసు బల్ల మీద పెట్టి, లేచి, పిల్లల దగ్గరికి వెళ్లింది. వాళ్ల చేతిలో నుంచి వల తాడు తీసుకుని మిగిలిన సగం కోర్టూ తనే లాగింది. నేను చూస్తూ కూర్చున్నాను. ఆమె వీపు ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

సామాన్లు మా ఇంట్లో ఉన్నాయి కాబట్టి ఆ రాత్రి ఇంటికి వచ్చారు. అన్నం తింది. పిల్లలతో మామూలుగానే మాట్లాడింది. పొద్దున దుప్పట్లు మడతపెట్టి, మూలలు సరిచేసి, సోఫా మీద ఉంచింది. గుమ్మం దగ్గర మా ఆయనా నేనూ నిలబడి ఉంటే, ఇద్దరినీ కలిపి చూస్తూ, "వెళ్లొస్తామండీ" అంది. రెండేళ్లు ఒకే గదిలో పడుకున్నాం. పదహారేళ్లుగా నన్ను నువ్వు అనే పిలిచింది. ఆ "అండీ" నా కోసమేనని మా ఆయనకు తెలియదు.

సాయంత్రం ఆయనకూ చెప్పాను. మొదట నవ్వాడు. తర్వాత, "మరి నేను అంతమందికి చెప్పానే," అన్నాడు. ఆ మాటలో కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. పక్కనే హోంవర్క్ చేసుకుంటూ అంతా విన్నది. తలెత్తి జర్మన్‌లో అడిగింది, నువ్వు అబద్ధం చెప్పావా, ఆ ఆంటీ నమ్మిందా అని. అవునన్నాను. ఎన్నేళ్లు నమ్మిందంది. చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టి, తను పుట్టకముందు నుంచా అని కళ్లు పెద్దవి చేసింది.

హాసిని మళ్లీ ఫోన్ చేయలేదు. నేను రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. మూడోసారి చేయలేదు. ఆమె క్షమించాలని ఆశపడే హక్కు నాకుందా అని అడుగుతారేమో. లేదు. ఆమెకు తిరిగి ఇవ్వగలిగింది కూడా ఏమీ లేదు. రెండు పాయింట్లు ఇవ్వలేను, పట్టికలో పేరు ఇవ్వలేను, గొంతులో ఆగిపోయిన ఆ అరుపులు ఇవ్వలేను. పిల్లలకు ఇప్పుడు ఏం నేర్పుతోందో కూడా నాకు తెలియదు.

మరి ఇదంతా మీకెందుకు చెప్పాను? ఆ రోజు ఆ కోర్టు చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక తప్పు కథ విని ఇళ్లకు వెళ్లారు. సరైన కథ విన్న మనిషి ఎక్కడో ఒకరుండాలి. ఇప్పుడు మీరున్నారు. అంతవరకు నాకు ఊపిరి ఆడుతోంది.

ఆమె సమయానికే చెప్పింది. అది నా బంతి. నాకు దెబ్బ తగల్లేదు, నేనే లేవలేదు.